మాంటిస్ 2.0 బీటా: కొత్త తెర, పాత డేటా

తప్పులనూ పనులనూ నమోదు చేసుకునే ఇష్యూ ట్రాకర్‌కి కొత్త బీటా, అంటే స్థిర విడుదలకు ముందు వచ్చే పరీక్ష రూపం వచ్చిందంటే చాలాచోట్ల జరిగే పరీక్ష ఒక్కలాగే ఉంటుంది. కొత్త ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేస్తారు, ఖాళీ డేటాబేస్ ఇస్తారు, "టెస్ట్ 1", "టెస్ట్ 2" అని రెండు ఇష్యూలు రాసి, నాలుగు మెనూలు నొక్కి చూస్తారు. అంతా బాగానే పనిచేస్తుంది. ఆ మాత్రం పరీక్ష తయారుచేసినవాళ్లు ఎప్పుడో చేసే ఉంటారు కాబట్టి పనిచేయకపోతేనే వింత. అసలు కష్టం కొన్ని నెలల తర్వాత వస్తుంది. స్థిర విడుదల వెలువడ్డాక, ఏళ్ల తరబడి పేరుకున్న డేటా మీద అప్‌గ్రేడ్ నడిపిన రాత్రి అది సగంలో ఆగిపోతుంది. బీటాను చూడాల్సింది ఆ పాత డేటాతోనే. ఖాళీ డేటాబేస్ మీద చూసినదాన్ని ప్రదర్శన అనవచ్చు గానీ పరీక్ష అనలేం.

ఈ సంగతి బాగా తెలియజెప్పే ఉదాహరణ మాంటిస్‌బీటీ 2.0 బీటా. కెంజాబురో ఇటో 2000లో మొదలుపెట్టిన మాంటిస్, పీహెచ్‌పీలో రాసిన, జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు ఉన్న బగ్ ట్రాకర్. పేరు గొల్లభామది. బగ్గుల్ని, అంటే పురుగుల్ని పట్టి తినేది కాబట్టి ఆ పేరు. 1.2.0 విడుదల 2010 ఫిబ్రవరిలో జరిగింది. ఆ తర్వాతి పెద్ద మెట్టు 1.3.0 రావడానికి 2016 జులై దాకా పట్టింది. అదే ఏడాది డిసెంబరు చివర్లో 2.0.0 వచ్చేసింది. ఆరేళ్లపాటు 1.2 మీదే కూర్చున్న సంస్థల్లో చాలామందికి 1.3 మీద ఆగి ఊపిరి తీసుకునే వ్యవధి లేదు. వాళ్లు నేరుగా 1.2 నుంచి 2.0కి దూకాల్సి వచ్చింది. కంటికి కనిపించే మార్పులు 2.0వి. ఇన్‌స్టలేషన్‌ని పడగొట్టే మార్పుల్లో ఎక్కువ భాగం 1.3వి. ఈ రెండూ ఒకే రోజున మీద పడతాయన్నది బీటా ప్రకటనలో ఉండదు.

బీటా అన్న మాటకు ఓపెన్ సోర్స్ లోకంలో ఒకే అర్థం లేదు. మాంటిస్‌లో బీటా అంటే కొత్త సౌకర్యాలు దాదాపు కుదిరాయి, రూపం మాత్రం ఇంకా మారవచ్చు అని. దాని తర్వాత వచ్చే ఆర్‌సీ, అంటే రిలీజ్ క్యాండిడేట్ దశలో ఇక తప్పులు దిద్దడమే. మరో బగ్ ట్రాకర్ బగ్జిల్లా చాలాకాలం బేసి అంకెల పద్ధతి పాటించింది. 2.17, 2.19, 3.1 లాంటివి ప్రయోగాలకి, సరి అంకెలవి వాడకానికి. అంకె చూసి నమ్మేవాళ్లకి ఆ పద్ధతి కూడా ఒకసారి దెబ్బ కొట్టింది. 2019లో వచ్చిన 5.0.5, 5.0.6 చిన్న సవరణల్లా కనిపించినా, లోపల డేటాబేస్ స్కీమా, అంటే టేబుళ్ల నిర్మాణం మారింది, కోడ్ మొత్తం కొత్తగా ఫార్మాట్ అయింది. స్థిర శాఖలో అలాంటి మార్పు తగదని 2024లో దాన్ని 5.2గా పేరు మార్చి, 5.0.4 నుంచి వేరే కొనసాగింపు తీశారు. కాబట్టి వెర్షన్ అంకె కన్నా, విడుదల గమనికల్లో స్కీమా గురించి ఏమైనా ఉందా అన్నది ముందు చూడాలి.

నకలు తీయడంలోనే ఉంది ప్రమాదం

అసలు డేటా నకలుతో పరీక్షించాలి అనడం తేలిక. ఆ నకలు అసలు వ్యవస్థను ముట్టుకోకుండా చూడడం కష్టం. మాంటిస్ విషయంలో నాలుగు దారులున్నాయి, నాలుగూ మూసేయాలి.

మొదటిది ఈమెయిల్. డేటాబేస్‌తోపాటు వాడుకరుల అసలు చిరునామాలు కూడా నకలుకి వస్తాయి. పరీక్షలో యాభై ఇష్యూల స్థితిని ఒకేసారి మార్చితే, అవి రాసినవాళ్లకి, గమనిస్తున్నవాళ్లకి అందరికీ ఉత్తరాలు పోతాయి. కాన్ఫిగ్ ఫైల్లో ఈమెయిల్ నోటిఫికేషన్‌ని ఆఫ్ చేయాలి. అది చాలదు. మాంటిస్ పంపాల్సిన ఉత్తరాల్ని ముందు ఈమెయిల్ టేబుల్లో వరసలో పెడుతుంది. నకలు తీసిన క్షణంలో ఆ వరసలో ఏవైనా ఉంటే, ఎవరో తర్వాత నోటిఫికేషన్ ఆన్ చేసిన రోజున అవన్నీ బయల్దేరతాయి. ఆ టేబుల్‌ని ఖాళీ చేయాలి.

రెండోది అటాచ్‌మెంట్లు. ఫైళ్లు డేటాబేస్‌లోనే ఉంటే చిక్కు లేదు, నకలుతోపాటు వచ్చేస్తాయి. డిస్క్ మీద దాచే పద్ధతి ఉంటే, ఫైళ్ల టేబుల్లో ప్రతి అటాచ్‌మెంట్‌కీ పూర్తి ఫోల్డర్ దారి రాసి ఉంటుంది. అదే సర్వర్‌లో నకలు నడిపితే ఆ దారి అసలు ఫోల్డర్‌నే చూపిస్తుంది. పరీక్షలో ఒక అటాచ్‌మెంట్‌ని తీసేస్తే, అసలు ట్రాకర్‌లోని ఫైలు పోతుంది. అక్కడ పేరు మాత్రం జాబితాలో అలాగే ఉండి, నొక్కితే తెరుచుకోదు. ఎవరో నొక్కేదాకా ఈ నష్టం బయటపడదు కూడా. నకలుని వేరే యంత్రంలో గానీ కంటైనర్‌లో గానీ నడిపితే ఈ బాధ ఉండదు. కుదరకపోతే కనీసం అసలు ఫోల్డర్‌లో రాసే హక్కు లేని యూజర్ కింద నడపాలి.

మూడోదీ నాలుగోదీ కలిసి పనిచేస్తాయి. కాన్ఫిగ్‌లో సైటు చిరునామా రాసే సెట్టింగు ఒకటుంది. పాత ఫైల్‌ని యథాతథంగా తెచ్చుకుంటే, నకలులోని లింకులు అసలు సైటుకి తీసుకెళ్తాయి. మామూలుగా అయితే అక్కడ లాగిన్ అడుగుతుంది, పొరపాటు తెలిసిపోతుంది. కానీ రెండూ ఒకే డొమైన్‌లో ఉండి, కుకీ పేరు ముందుభాగం మార్చకపోతే, కుకీలో ఉండే వాడుకరి గుర్తింపు కోడ్ రెండు డేటాబేసుల్లోనూ ఒకటే కాబట్టి లాగిన్ అడగకుండానే లోపలికి పంపుతుంది. పరీక్ష అనుకుని మూసిన ఇష్యూ నిజంగానే మూసుకుపోతుంది. సైటు చిరునామా, కుకీ ముందుభాగం రెండూ మార్చాలి. విండో శీర్షికలో "నకలు" అని పెద్దగా రాసుకుంటే ఇంకా మంచిది.

తెలుగు అక్షరాలు, బైట్ల లెక్క

మాంటిస్‌లో ఇష్యూలు, వ్యాఖ్యలు తెలుగులో రాసే చోట్ల డంప్, అంటే డేటాబేస్‌ని ఫైలుగా దించిన నకలు తీసే తీరు చూసుకోవాలి. యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు యూటీఎఫ్-8 అనే దాచే పద్ధతి కింద ఒక్కొక్కటి మూడు బైట్లు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని పాత యూటీఎఫ్8 రకం అక్షరానికి మూడు బైట్ల దాకానే దాస్తుంది. తెలుగు అందులో ఇముడుతుంది, నాలుగు బైట్ల ఎమోజీలు ఇమడవు. ఎమోజీ ఉన్న వ్యాఖ్య అక్కడితో తెగిపోవడమో, ఎర్రర్ రావడమో ఈ కారణంగానే.

ఇంకా పాత ఇన్‌స్టలేషన్లలో టేబుళ్లు లాటిన్-1గా, అంటే పశ్చిమ యూరప్ భాషల అక్షరాల పద్ధతిగా నమోదై, లోపల ఉన్నవి మాత్రం యూటీఎఫ్-8 బైట్లే కావచ్చు. రాసేటప్పుడూ చదివేటప్పుడూ ఒకే తప్పు జరుగుతుంది కాబట్టి తెర మీద తెలుగు శుభ్రంగా కనిపిస్తుంది. డంప్ తీసే సాధనం మాత్రం వాటిని లాటిన్ అక్షరాలనుకుని యూటీఎఫ్-8లోకి మారుస్తుంది. రీస్టోర్ చేశాక ఒక్కో తెలుగు అక్షరం చోట మూడేసి ఫ్రెంచి గుర్తుల్లాంటివి కనిపిస్తాయి. అలాంటప్పుడు డంప్‌ని లాటిన్-1 కనెక్షన్‌తోనే తీసి, ఫైల్లోని క్యారెక్టర్ సెట్ ప్రకటనను యూటీఎఫ్-8గా మార్చి ఎక్కించాలి. తెలుగు ఉన్న పది ఇష్యూల నంబర్లు ముందే రాసి పెట్టుకుని, రీస్టోర్ తర్వాత వాటిని తెరిచి చూడడం ఐదు నిమిషాల పని.

శీర్షిక నిడివి కూడా చూడదగ్గదే. మాంటిస్ సారాంశం గడి 128 అక్షరాలు. అక్కడ అక్షరం అంటే యూనికోడ్ బిందువు. తెలుగువాళ్లు ఒకే అక్షరంగా లెక్కపెట్టే "క్షి" అందులో నాలుగు: క, పొల్లు, ష, గుడి. ఇంగ్లిష్ శీర్షికకి బోలెడు చోటుగా అనిపించే గడి తెలుగు శీర్షికకి తొందరగా నిండిపోతుంది.

అప్‌గ్రేడ్ ఎక్కడ ఆగుతుంది

1.2 నుంచి వచ్చేవాళ్లకి మొదటి అడ్డంకి చిన్నదే. 1.3లో కాన్ఫిగ్ ఫైళ్లన్నీ పై ఫోల్డర్ నుంచి కాన్ఫిగ్ అనే ప్రత్యేక ఫోల్డర్‌లోకి మారాయి. సొంత స్థితులు, సొంత మాటలు చేర్చుకున్న కస్టమ్ ఫైళ్లూ అంతే. ప్రధాన ఫైలు ఒక్కటే మార్చి కస్టమ్ ఫైళ్లను మరిచిపోతే సైటు తెరుచుకుంటుంది, కానీ సొంతంగా చేర్చిన స్థితి పేరు చోట అర్థంకాని గుర్తు కనిపిస్తుంది. రెండోది క్రిప్టో మాస్టర్ సాల్ట్, అంటే భద్రత కోసం కాన్ఫిగ్‌లో రాసే రహస్య అక్షరాల వరస. 1.3 నుంచి ఇది తప్పనిసరి. కనీసం 16 అక్షరాలుండాలి, యాదృచ్ఛికంగా పుట్టించినవై ఉండాలి. లేకపోతే మాంటిస్ నడవదు. మూడోది డేటాబేస్ డ్రైవర్. పీహెచ్‌పీ 7లో పాత మైఎస్‌క్యూఎల్ ఎక్స్‌టెన్షన్‌ని తీసేశారు. కాన్ఫిగ్‌లో డేటాబేస్ రకం దగ్గర పాత పేరు ఉంటే మైఎస్‌క్యూఎల్‌ఐ అని మార్చాలి.

అసలు గండం నాలుగోది. 1.2 కాలంలో సంక్లిష్టమైన సెట్టింగులు డేటాబేస్‌లో పీహెచ్‌పీ సీరియలైజ్ పద్ధతిలో, అంటే మొత్తం ఒకే మాటల వరసగా మార్చి ఉండేవి. 1.3 అప్‌గ్రేడ్ వాటిని జేసన్ అనే మరో రూపంలోకి మారుస్తుంది. సీరియలైజ్ పద్ధతిలో ప్రతి మాట పక్కన దాని నిడివి బైట్లలో రాసి ఉంటుంది. "తెలుగు" అన్న మాటకి 18 అని ఉంటుంది. పైన చెప్పిన క్యారెక్టర్ సెట్ గొడవలో ఆ మాట ఆరు ప్రశ్నార్థకాలుగా మారిందనుకోండి. ఉన్నవి 6 బైట్లు, లెక్క మాత్రం 18. రెండుసార్లు ఎన్‌కోడ్ అయితే నిడివి రెట్టింపు దాటుతుంది. ఎలాగైనా లెక్క తప్పుతుంది, పీహెచ్‌పీ దాన్ని విప్పలేదు, అప్‌గ్రేడ్ ఆ మెట్టు మీద ఆగిపోతుంది. తెలుగు లేని చోట్ల కూడా ఇదే జరిగే సందర్భం ఒకటుంది. పాత సర్వర్ పేరును డంప్ ఫైల్లో ఫైండ్-రీప్లేస్‌తో మార్చడం. పేరు నిడివి మారుతుంది, పక్కన ఉన్న అంకె మారదు.

అలా ఆగినప్పుడు కంగారు పడి డేటాబేస్‌ని మళ్లీ మొదటినుంచి ఎక్కించనక్కర్లేదు. మాంటిస్ ప్రతి మెట్టు దాటాక కాన్ఫిగ్ టేబుల్లో డేటాబేస్ వెర్షన్ అంకెను పెంచుకుంటుంది. తప్పున్న వరసను సరిచేసి అప్‌గ్రేడ్‌ని మళ్లీ నడిపితే ఆగిన చోటు నుంచే సాగుతుంది. చెడిపోయిన సెట్టింగు ముఖ్యమైనది కాకపోతే ఆ వరసను తీసేయవచ్చు, డిఫాల్ట్ విలువ అమల్లోకి వస్తుంది. తాత్కాలిక టోకెన్ల టేబుల్లో చిక్కు వస్తే దాన్ని మొత్తంగా ఖాళీ చేసినా నష్టం లేదు. ఏ వరసను ఎలా దిద్దారో మాత్రం ఒక ఫైల్లో రాసుకోవాలి. అసలు అప్‌గ్రేడ్ రోజున అవే దిద్దుబాట్లు ముందే చేయాలి.

మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ నిర్మాణాన్ని మార్చే ఆదేశాల్ని వెనక్కి తిప్పలేం, ప్రతి ఆదేశమూ వెంటనే ఖాయమైపోతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అలాంటివి కూడా ట్రాన్సాక్షన్‌లో ఇముడుతాయి, అంటే మధ్యలో ఆగితే మొత్తం వెనక్కి పోతాయి. అందుకే మైఎస్‌క్యూఎల్ మీద సగంలో ఆగిన అప్‌గ్రేడ్ నిజంగా సగంలోనే ఉంటుంది. పెద్ద డేటాబేస్ అయితే బ్రౌజర్లో ఇన్‌స్టాల్ పేజీ తెరిచి కూర్చోవడం కన్నా, అడ్మిన్ ఫోల్డర్‌లో ఉన్న అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్ స్క్రిప్టును కమాండ్ లైన్ నుంచి నడపడం నయం. వెబ్ సర్వర్ టైమ్‌అవుట్ అయి తెర తెల్లబోతే, లోపల పని సాగుతోందో ఆగిందో ఎవరికీ తెలియదు.

అప్‌గ్రేడ్‌కి ముందూ తర్వాతా ఇష్యూలు, వ్యాఖ్యలు, చరిత్ర, ఫైళ్లు, వాడుకరులు, ఈ ఐదు టేబుళ్లలో వరసల సంఖ్యనీ, అన్నిటికన్నా పెద్ద ఐడీనీ రాసుకుని పోల్చాలి. పట్టిన సమయాన్ని కూడా రాసుకోవాలి. అసలు రోజున అంతకు రెండింతల సమయం ట్రాకర్‌ని ఆపి ఉంచితే సరిపోతుంది.

ప్లగిన్లు

2.0లో తెర మొత్తాన్ని బూట్‌స్ట్రాప్ అనే వెబ్ డిజైన్ సాధనం మీద కొత్తగా కట్టారు. దాంతో పేజీ పైభాగాన్నీ అడుగుభాగాన్నీ గీసే పాత ఫంక్షన్లు, హెచ్‌టీఎంఎల్ పేజ్ టాప్, పేజ్ బాటమ్ అనేవి పోయి, లేఅవుట్ పేజ్ హెడర్, లేఅవుట్ పేజ్ బిగిన్, లేఅవుట్ పేజ్ ఎండ్ వచ్చాయి. ప్లగిన్ అంటే మాంటిస్‌కి అదనపు సౌకర్యం చేర్చే విడి కోడ్. సొంత పేజీ చూపించే ప్రతి పాత ప్లగిన్‌నీ తిరగరాయాల్సిందే. ప్లగిన్ తనకు ఏ మాంటిస్ వెర్షన్ కావాలో ముందే చెబుతుంది, సరిపోకపోతే ఎక్కదు. కొందరు తొందరపడి ఆ అంకె ఒక్కటి మార్చి ఎక్కిస్తారు. ప్లగిన్ జాబితాలో పచ్చగానే ఉంటుంది, దాని పేజీ తెరిస్తే లేని ఫంక్షన్‌ని పిలిచినందుకు కుప్పకూలుతుంది.

ఇంతకన్నా చాటుగా దెబ్బతీసేది కంటెంట్ సెక్యూరిటీ పాలసీ. పేజీలోనే నేరుగా రాసిన జావాస్క్రిప్టును బ్రౌజర్ నడపకుండా ఇది ఆపుతుంది. పాత ప్లగిన్ బటన్ కనిపిస్తుంది, నొక్కితే ఏమీ జరగదు, తెర మీద ఎర్రర్ కూడా రాదు. బ్రౌజర్ కన్సోల్ తెరిస్తేనే కారణం కనిపిస్తుంది. మందు ఒకటే: స్క్రిప్టును విడి ఫైల్లోకి మార్చాలి. పాలసీనే సడలించుకోవడం సులువు మార్గంలా కనిపిస్తుంది గానీ, బయటివాళ్లు రాసిన పాఠాన్ని చూపించే బగ్ ట్రాకర్‌లో అది చేయకూడని పని.

మరో ఇష్యూ ట్రాకర్ ట్రాక్ కూడా ఇదే దారిలో నడిచింది. 0.11లో పేజీలు తయారుచేసే టెంప్లేట్ ఇంజన్ క్లియర్‌సిల్వర్ నుంచి జెన్షికి, తర్వాత 1.4 నాటికి జింజా2కి మారింది. ప్రతిసారీ పాత ప్లగిన్ల బరువు వాటి రచయితల మీదే పడింది.

బీటా దశలోనే చెప్పాల్సినవి

1.2లో ఇష్యూల జాబితా తెరిస్తే వరస మొత్తం స్థితి రంగులో ఉండేది. కొత్తది ఎర్రగా, కేటాయించింది నీలంగా, పరిష్కారమైంది పచ్చగా. దూరం నుంచి చూసినా పని ఎంత మిగిలిందో తెలిసేది. 2.0లో వరసలు తెల్లబడ్డాయి. స్థితి పేరు పక్కన చిన్న రంగు చదరం ఒక్కటే మిగిలింది. డిజైన్ దృష్టితో చూస్తే ఇదే శుభ్రంగా ఉంది, నిజమే. కానీ రోజూ రెండొందల వరసలు చూసే వ్యక్తికి చేతిలోంచి పనిముట్టు లాగేసినట్టే. ఇలాంటి అభ్యంతరాన్ని లెక్కలోకి తీసుకోగల సమయం బీటా దశే. ఆర్‌సీ వచ్చాక చెబితే అది తప్పుల జాబితాలోకి రాదు, కోరికల జాబితాలోకి పోతుంది.

అందుకని పరీక్షను అడ్మినిస్ట్రేటర్ ఒక్కడే చేయకూడదు. మాంటిస్‌లో హోదాలకి అంకెలున్నాయి: వ్యూయర్ 10, రిపోర్టర్ 25, అప్‌డేటర్ 40, డెవలపర్ 55, మేనేజర్ 70, అడ్మినిస్ట్రేటర్ 90. 90తో లోపలికి వెళ్లినవాడికి అన్నీ కనిపిస్తాయి కాబట్టి హక్కుల లోపాలు ఒక్కటీ తెలియవు. రిపోర్టర్ ఖాతాతో వెళ్లి, ఇతరుల ప్రైవేటు ఇష్యూ నంబర్ నేరుగా చిరునామాలో కొట్టి చూడాలి. వెతుకులాటలో, సీఎస్‌వీ ఎగుమతిలో, ఆర్‌ఎస్‌ఎస్‌లో అది బయటపడుతోందా చూడాలి. దాచుకున్న ఫిల్టర్లు పాతవే ఫలితాలు ఇస్తున్నాయా అన్నది ఇష్యూల సంఖ్యతో పోల్చి చూడాలి. రాత్రిపూట నడిచే స్క్రిప్టులేవైనా ప్రోగ్రాముల కోసం మాంటిస్ ఇచ్చే సోప్ ఏపీఐ బదులు తెర మీది హెచ్‌టీఎంఎల్‌ని గీరుకుని చదువుతుంటే, అవి కొత్త తెరతో తప్పకుండా చెడతాయి.

దొరికిన తప్పులను మాంటిస్ తయారుచేసేవాళ్లు తమ సొంత మాంటిస్‌లోనే నమోదు చేసుకుంటారు. "అప్‌గ్రేడ్ పనిచేయలేదు" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ వెర్షన్ నుంచి ఏ బీటాకి, పీహెచ్‌పీ ఎంత, డేటాబేస్ ఏది, ఎంతవది, స్కీమా ఏ మెట్టు మీద ఆగింది, ఎర్రర్ యథాతథంగా, ప్లగిన్లన్నీ తీసేసి చూసినా వస్తుందా, ఇవి కావాలి. చివరి ప్రశ్నకి జవాబు లేని రిపోర్టుల్లో చాలావాటికి ఫీడ్‌బ్యాక్, అంటే ఇంకా వివరాలు కావాలి అన్న స్థితి తగిలి, అవి అక్కడే ఉండిపోతాయి. తప్పు పుట్టించే వరసను చూపించాల్సి వస్తే అందులోని పేర్లు, చిరునామాలు మార్చి ఇవ్వాలి. సీరియలైజ్ అయిన విలువ అయితే మార్చిన పేరు నిడివి కూడా అంతే ఉండాలి, లేకపోతే కొత్త తప్పు పుడుతుంది.

వెనక్కి వచ్చే దారిని కూడా నకలు మీదే నడిచి చూడాలి. మాంటిస్ స్కీమా ముందుకే సాగుతుంది, దించే స్క్రిప్టు లేదు. జేసన్‌గా మారిన సెట్టింగుల్ని 1.2 కోడ్ చదవలేదు. అంటే వెనక్కి రావడానికి ఉన్న ఒకే సాధనం అప్‌గ్రేడ్‌కి ముందు తీసిన బ్యాకప్, దాంతోపాటు పాత కోడ్ ఫోల్డర్, పాత పీహెచ్‌పీ. ఈ మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. సర్వర్‌లో పీహెచ్‌పీ 7 ఎక్కించేశాక 1.2 బ్యాకప్ ఉన్నా దాన్ని నడిపే యంత్రం ఉండదు. అప్‌గ్రేడ్ తర్వాత రెండు రోజులు పని జరిగి, అప్పుడు వెనక్కి రావాలనుకుంటే ఆ రెండు రోజుల ఇష్యూలు పోయినట్టే. అందుకే వెనక్కి వెళ్లాలా వద్దా అన్నది తేల్చే గడువును గంటల్లో పెట్టుకోవాలి.

పరీక్ష ముగిశాక అడ్మిన్ ఫోల్డర్ తీసేయడం ఎంత ముఖ్యమో, నకలు డేటాబేస్‌ని తుడిచేయడం కూడా అంతే ముఖ్యం. అందులో వాడుకరులందరి చిరునామాలు, ప్రైవేటు ఇష్యూలు, పాస్‌వర్డుల హ్యాష్‌లు, అంటే వాటిని గుర్తుపట్టకుండా మార్చి దాచిన రూపాలు ఉంటాయి. ఈ వెర్షన్ల మాంటిస్‌లో ఆ హ్యాష్‌లు డిఫాల్ట్‌గా ఎండీ5 అనే పాత పద్ధతివి, నేటి కంప్యూటర్లకి వాటిని విప్పడం పెద్ద పని కాదు. డేటాబేస్‌తోపాటు డంప్ ఫైలు, టెంప్ ఫోల్డర్‌లో మిగిలిన దాని కంప్రెస్ చేసిన రూపం, అటాచ్‌మెంట్ల నకలు ఫోల్డర్ కూడా పోవాలి.